ఇంటిపేరు నాలుగు రకాలుగా ఉన్న ముత్తాతను గోదావరి డెల్టాలో వెతకడం ఎలా?

మా ఇంటిపేరు చింతలూరి. మా ముత్తాత కాలం నాటివి ఐదు కాగితాలు దొరికితే, అందులో ఇలా రాసింది ఒక్కటే. ఒక దస్తావేజులో చింతలూరు అని ఉంది. శిస్తు రసీదులో చింతులూరి. బడి రిజిస్టరులో మా తాత పేరు ముందు సీహెచ్ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు, అంతే. ఐదోదాంట్లో చింతూరి. ఈ చివరిది నన్ను బాగా తిప్పింది. చింతూరు శబరి ఒడ్డున ఏజెన్సీలో ఉంది, మేమేమో కొత్తపేట పక్కవాళ్ళం. మనవాళ్ళు కొండల్లోంచి దిగొచ్చారేమోనని ఇంట్లో ఒక కథ కూడా అల్లేశాను. ఆర్నెల్లు పోయాక తేలింది, నకలు రాసినాయన ‘ల’ మింగేశాడని. గౌతమికి అవతల, ఆలమూరు పక్కన ఉన్న చింతలూరే మా ఇంటిపేరుకు మూలమట.

మీరూ ఇలా తిరక్కుండా ఉండడానికే ఇది రాస్తున్నాను. ఇంటిపేరు రాసేవాడి చెవిని బట్టి, చేతిని బట్టి మారిపోతుంది. అదే మనిషికి సంబంధించి సులువుగా మారనివి కొన్ని ఉంటాయి: తండ్రి పేరు, పొలం ఉన్న ఊరు, సర్వే నంబరు, ఆ పొలం హద్దుల్లో ఉన్నవాళ్ళు. వెతుకులాట వీటి మీద నడవాలి. ఇంటిపేరును చివర్లో సరిచూసుకోవడానికే వాడండి.

మొదట ఒక పుస్తకం పెట్టండి

రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. ఒక్కో కాగితానికి ఒక్కో పేజీ. అది ఏ కాగితం, ఎవరి దగ్గర దొరికింది, ఏ సంవత్సరానిది, ఎవరు రాశారు, పేరు ఎలా ఉంది. ఈ చివరిది ఉన్నది ఉన్నట్టు దించుకోవాలి. తప్పని తెలిసినా దిద్దకండి. అరసున్న ఉంటే అరసున్న, ‘యి’ ఉంటే ‘యి’. నేను మొదట్లో అన్నిటినీ చింతలూరి అని శుభ్రంగా రాసుకున్నాను. ఏ కాగితంలో ఏ రూపం ఉందో తెలియక ఏడాది తర్వాత మళ్ళీ అన్నీ తీయాల్సొచ్చింది.

ఫోన్‌లో ఫొటో తీసేటప్పుడు కాగితం వెనకవైపు కూడా తీయండి. స్టాంపు కాగితం ఎవరు కొన్నారో, ఏ ఊళ్ళో కొన్నారో సాధారణంగా అక్కడే రాసి ఉంటుంది.

ఇంట్లో వెతకడం

పెట్టెలో దస్తావేజులు ఎలాగూ చూస్తారు. జనం చూడనివి చెబుతాను. పాత శుభలేఖలు, ఫొటోల వెనక రాతలు, రామకోటి పుస్తకాల మొదటి పేజీ, వడ్డీ లెక్కల పుస్తకం, అటక మీది ఇత్తడి సామాను. పూర్వం బిందె కొన్నా, గుండిగ కొన్నా దాని మెడ మీద పేరు కొట్టించేవారు. కొట్టేవాడు చుక్కలు చుక్కలుగా కొడతాడు కాబట్టి గుణింతం సగం ఎగిరిపోతుంది, అయినా అది సొంతదారు ఎదురుగా కూర్చుని చెప్పి కొట్టించుకున్న పేరు. ఆఫీసు గుమాస్తా రాసినదాని కంటే దాన్నే నేను ఎక్కువ నమ్ముతాను.

ఒక్క జాగ్రత్త. మా గుండిగ మీద ‘చె. సు.’ అని ఉంటే, మా ఇంటిపేరులో చిం కాస్తా చె అయిందనుకుని దాన్నీ ఆరో రూపంగా లెక్కేశాను. మా మేనత్త చూసి నవ్వింది. అది మా నాయనమ్మ కాపరానికి వస్తూ తెచ్చుకున్న సారె సామానట, ఆ అక్షరాలు వాళ్ళ నాన్నవి. ఇంట్లో ఉన్నవన్నీ మన ఇంటిపేరువి కావు. పుట్టింటి వస్తువులు సగం ఉంటాయి. అదీ మంచిదే, ఆడవాళ్ళ పుట్టింటి పేర్లు కాగితాల్లో దొరకనప్పుడు ఇలాగే దొరుకుతాయి.

పెద్దవాళ్ళను ఏమని అడగాలి

“మన ఇంటిపేరు ఎలా రాసేవారు?” అని అడగకండి. “ఇలాగే” అంటారు. మగవాళ్ళ కంటే ముందు మేనత్తల దగ్గరికి వెళ్ళండి. ఎవరి కూతుర్ని ఎవరికిచ్చారో, ఎవరు ఎవరికి దత్తత వెళ్ళారో, ఎవరు ఇల్లరికం వచ్చారో వాళ్ళకు నోటికి ఉంటుంది. దత్తత సంగతి గట్టిగా అడగాలి. దత్తత పోయినవాడికి రెండు ఇంటిపేర్లు, ఇద్దరు తండ్రులు. కాగితాల్లో అతను ఇద్దరు మనుషుల్లా కనిపిస్తాడు. ఇల్లరికం వచ్చిన అల్లుడిని ఊరు మామగారి ఇంటిపేరుతోనే పిలవడం కూడా ఉంది. ఇది అక్షరాల తేడాయే కాదు, ఎన్ని గుణింతాలు మార్చి చూసినా దొరకదు.

తద్దినం పెట్టే ఇళ్ళలో మంత్రంలో మూడు తరాల పేర్లు వస్తాయి, వసు రుద్ర ఆదిత్య రూపాలని చెప్పి తండ్రి, తాత, ముత్తాత. మీ నాన్నగారు వాళ్ళ నాన్నకు పెడుతుంటే అందులో మీకు తాత, ముత్తాత, ఆ పైతరం ముగ్గురూ దొరికినట్టే. గోత్రమూ దొరుకుతుంది. ఇంటిపేరు మాత్రం ఉండదు, మనకు కావాల్సింది అదే కదా: ఇంటిపేరు గొడవ లేని పేర్ల జాబితా. తద్దినాలు లేని ఇళ్ళలో సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు పేర్లు తలుచుకుంటారు, అప్పుడు పక్కన కూర్చోండి. చనిపోయిన తిథి కూడా రాసుకోండి. తెలుగు సంవత్సరం పేరు చెబితే ఇంకా మంచిది, కానీ అది అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుందని గుర్తుంచుకోండి. నందన అంటే 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కావచ్చు.

మనవడికి తాత పేరు పెట్టే అలవాటు వల్ల ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంటుంది. ముత్తాత, తాతల పేర్లు తెలిస్తే ఆ పైవాడి పేరు కొంతవరకు ఊహించొచ్చు. అదే అలవాటు వల్ల ఒకే ఊళ్ళో ఒకే పేరున్న పినతండ్రి కొడుకులు నలుగురు ఉంటారు. వాళ్ళందరూ ఒకే తాత మనవలు మరి.

కొన్ని కులాలకు వంశం చెప్పేవాళ్ళు వేరే ఉండేవారు. పిచ్చుకుంట్లవారు (ఇప్పుడు వంశరాజులు అంటారు), భట్రాజులు ఇళ్ళకు వచ్చి గోత్రాలు, ఇంటిపేర్లు చదివేవారు. మీ ఊరికి ఇంకా వస్తుంటే ఆ అవకాశం వదలకండి.

ఇంటిపేరు ఎన్ని రూపాలు పట్టొచ్చో ముందే రాసుకోండి

ఆఫీసుకు వెళ్ళే ముందు ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని ఇది. ఓ గంట పడుతుంది. రిజిస్టరు ముందు పెట్టుకుని “ఇంకెలా రాసి ఉంటారబ్బా” అనుకుంటే ఏమీ తోచదు, వెనక గుమాస్తా గడియారం చూస్తుంటాడు.

మొదటిది విభక్తి. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ళ నుంచి వచ్చాయి. ఊరు పేరు ఇంటిపేరయ్యేటప్పుడు తోక మారుతుంది. కొవ్వూరు కొవ్వూరి అవుతుంది, ముమ్మిడివరం ముమ్మిడివరపు, అమలాపురం అమలాపురపు. రాసేవాడికి ఓపిక లేకపోతే ఊరి పేరే పెట్టేస్తాడు. కాబట్టి మీ ఇంటిపేరు -ఊరి, -వరపు, -పురపు అని ముగిస్తే, -ఊరు, -వరం, -పురం కింద కూడా చూడాలి. చింతలూరు అనేది మా ముత్తాత ఇంటిపేరో, ఆయన ఉన్న ఊరో ఆ దస్తావేజు చూసిన ఇద్దరు లాయర్లు చెరొకటి చెప్పారు.

రెండోది మొదటి అక్షరం. ఇది అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే ఇండెక్సులు మొదటి అక్షరం మీదే నడుస్తాయి. పాత రాతలో ఇ, ఎ, ఏ లతో మొదలయ్యేవాటిని యి, యె, యే అనీ, ఉ, ఒ లతో మొదలయ్యేవాటిని వు, వొ అనీ రాసేవారు. ఏలూరు యేలూరు, ఉండి వుండి. ఇందుకూరి వారి కోసం ‘ఇ’ కింద వెతికి లేదనుకుని వచ్చేస్తారు, వాళ్ళు ‘య’ కింద హాయిగా ఉంటారు. ఉప్పలపాటి ‘వ’ కింద ఉండొచ్చు. ఇంగ్లీషులోనూ ఇదే గొడవ, ‘ఎ’ తో మొదలయ్యే పేరు ఇంగ్లీషు అక్షరం ‘ఈ’ (E) కింద కాక ‘వై’ (Y) కింద దొరుకుతుంది.

మూడోది పోయిన అక్షరాలు. బండి ర అంటే ఱ, అరసున్న. కఱ్ఱి అని ఉన్నది మీ కర్రి వారే. వేప అని మనం రాసేదాన్ని అప్పట్లో వేఁప అని రాసేవారు, దాన్ని నకలు తీసిన కుర్రాడు అరసున్నను నిండు సున్న చేస్తే వేంప అవుతుంది. భీమవరం పక్కన వేంప అని ఊరే ఉంది, ఇక చూసుకోండి. ళ, ల; ణ, న; శ, స; భ, బ; ధ, ద అన్నీ ఇటూ అటూ మారతాయి, వాటికి పెద్ద వివరణ అక్కర్లేదు.

నాలుగోది ఇంగ్లీషు. బ్రిటిష్ కాలంలో చెవికి విన్నట్టు రాశారు. ఊ కు యూ ఒకడు రాస్తే, ఇద్దరు ఓలు ఇంకొకడు రాశాడు. త కు టీ, టీహెచ్. చివరి ఇ కి ఐ, వై. ఒత్తులు ఎగిరిపోతాయి. కొవ్వూరిలో ఒక వీ తగ్గితే కోవూరి అని చదువుతారు, అది నెల్లూరు వైపు కోవూరు నుంచి వచ్చిన వేరే ఇంటిపేరు. నేను వాడే చిట్కా ఏంటంటే, అచ్చులు తీసేసి, ఒత్తులు తీసేసి, హెచ్ కూడా తీసేసి ఎముకలు మాత్రం రాసుకోవడం. చింతలూరి అంటే చ, న, త, ల, ర. ఈ ఐదు ఈ వరుసలో కనిపించిన ప్రతి పేరూ ఆగి చూడాలి. ఒక్క ఎముక తగ్గినా చూడాలి, మా చింతూరి అలాగే పట్టుబడింది. ఫ్యామిలీసెర్చ్ లాంటి, పూర్వీకులను వెతికే వెబ్‌సైట్లలో అచ్చు ఉండే చోట ప్రశ్నార్థకం, తెలియని భాగం చోట నక్షత్రం గుర్తు పెట్టి వెతకొచ్చు.

ఐదోది, ఇంటిపేరే లేకపోవడం. ఇంగ్లీషు జాబితాల్లో పేరు, దాని చివర నాయుడు, రాజు, శెట్టి, శాస్త్రి లాంటి గౌరవపదం రాసి ఊరుకున్నారు. అలాంటి చోట ఆ చివరి మాట కిందే వెతకాలి. పేరు కూడా కుదురుగా ఉండదు. వెంకన్న, వెంకయ్య, వెంకటస్వామి, వెంకటేశ్వర్లు ఒకే మనిషి కావచ్చు.

ఇప్పటి ఓటరు జాబితాలను నమ్మొద్దు. ఇంగ్లీషు నుంచి కంప్యూటరు తెలుగులోకి మార్చినవి చాలా ఉన్నాయి. అందులో మా ఇంటిపేరు చింటలురి. ఇలా పలికే మనిషి గోదావరి జిల్లాల్లో పుట్టలేదు.

బడి

తాత చదువుకుని ఉంటే బడి అడ్మిషన్ రిజిస్టరు చూడండి. తండ్రి పేరు, ఊరు, కులం ఉంటాయి. పుట్టిన తేదీ మాత్రం మాస్టారు వేసిందే, దాన్ని పట్టుకుని పోట్లాడకండి. పొడి అక్షరాలను తర్వాతివాళ్ళు తప్పుగా విడదీశారేమో గమనించండి. మా దూరపు చుట్టాల ఇంట్లో సీహెచ్‌ను చిలుకూరి చేసేశారు, రెండు తరాలుగా వాళ్ళు చిలుకూరి వారే.

పొలం: అసలు పని ఇక్కడే

ఎంత చిన్న చెక్క అయినా సరే, ముత్తాతకు పొలం ఉంటే మీరు అదృష్టవంతులు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో ప్రతి సెంటుకూ నీరు, నీటికి శిస్తు, శిస్తుకు లెక్క వచ్చింది. ఆ లెక్కల్లో మనుషులు దొరుకుతారు.

ముందు ఇప్పటి సర్వే నంబరు పట్టుకోండి. మీభూమి వెబ్‌సైట్లో ఊరు ఎంచుకుని అడంగల్ (ఊరి సాగు లెక్క), వన్-బీ (ఎవరి పేరున ఏ భూమి ఉందో చెప్పే లెక్క) చూడొచ్చు. కొత్త రీసర్వే జరిగిన ఊళ్ళలో పాత నంబర్ల స్థానంలో ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి కాబట్టి, పాత పాసుపుస్తకంలో ఉన్న ఆర్.ఎస్. నంబరు, అంటే బ్రిటిష్ కాలపు రీసర్వే నంబరు, దేనికి సరిపోతుందో వీఆర్వోను గానీ గ్రామ సర్వేయరును గానీ అడిగి రాసుకోండి. పాత రికార్డుల్లో చాలా భాగం ఆ ఆర్.ఎస్. నంబరు మీదే ఉంటాయి.

తర్వాత తాసిల్దారు ఆఫీసులో ఆ నంబరుకు ఆర్.ఎస్.ఆర్. (ఆ రీసర్వే నాటి భూమి రిజిస్టరు) నకలు అడగండి. పాత ఉద్యోగులు డైగ్లాట్ అంటారు, ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉంటాయి కాబట్టి. బ్రిటిష్ కాలపు రీసర్వేలో ఆ నంబరు ఎవరి పేరున ఉందో అందులో తెలుస్తుంది. పేరు పెట్టి అడిగితే “అలాంటి పేరు లేదండీ” అంటారు. నంబరు పెట్టి అడిగితే పేజీ తీస్తారు, పేరు ఎలా రాసి ఉన్నా మీ కళ్ళతో మీరు చూసుకోవచ్చు. నకలు ఇవ్వడానికి తాత్సారం చేస్తే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, కానీ ముందు మర్యాదగా ఒకటికి రెండుసార్లు వెళ్ళి చూడండి. రికార్డు గదిలో పెద్దాయన ఎవరైనా ఉంటే పని అయిపోతుంది.

సంవత్సరాలు ఫసలీల్లో ఉంటాయి, అంటే జులైలో మొదలయ్యే శిస్తు సంవత్సరాల్లో. ఫసలీకి 590 కలిపితే అది మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1340 అంటే 1930 జులై నుంచి 1931 జూన్ దాకా.

ఇనాం భూమి, అంటే దానంగానో చేసిన సేవకో ఇచ్చిన భూమి అయితే ఇంకా మంచిది. 1858లో పెట్టిన ఇనాం కమిషన్ ప్రతి ఇనామునూ విచారించి రిజిస్టర్లు రాసింది. ఇనాం ఫెయిర్ రిజిస్టరు అంటారు. మొదట ఎవరికి ఇచ్చారు, ఎవరిచ్చారు, విచారణ నాటికి ఎవరు అనుభవిస్తున్నారు, వాళ్ళ వయసెంత, మొదటివాడికి ఏమవుతారు, ఇవన్నీ అందులో ఉంటాయి. అంటే ఆఫీసువాళ్ళు రాసిపెట్టిన వంశవృక్షం! అగ్రహారాలవారికే అనుకోకండి. కంసాలి, మంగలి, చాకలి, కుమ్మరి మాన్యాలు, కరణం మాన్యాలు, గుడి సేవ మాన్యాలు కూడా ఇనాములే. మీ పొలాన్ని ఇప్పటికీ ఫలానా మాన్యం అంటుంటే వెంటనే ఆ దారి పట్టండి.

పిఠాపురం లాంటి జమీందారీల కింద ఉన్న ఊళ్ళ సంగతి వేరు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం దాకా అక్కడ లెక్కలు జమీందారు కచేరీవి. ఆ రద్దు తర్వాత జరిగిన సెటిల్‌మెంటు రికార్డే సర్కారు దగ్గర మీకు ముందుగా దొరుకుతుంది. కరణం, మునసబు ఉద్యోగాలను 1984లో రద్దు చేశారు, అప్పుడు కొన్ని ఊళ్ళలో పాత కట్టలు కరణంగారి ఇంట్లోనే ఉండిపోయాయి. ఆ ఇంటికి వెళ్ళి కాఫీ తాగి అడగడంలో తప్పులేదు. లంక ఊళ్ళలో మాత్రం “86 వరదలో పోయాయి బాబూ” అనే జవాబుకు సిద్ధపడి వెళ్ళండి.

కరణాల గొలుసుకట్టు రాత మొదటిరోజు ఒక్క ముక్క అర్థం కాదు. అక్షరం తర్వాత అక్షరం చెయ్యి ఎత్తకుండా రాసుకుపోతారు. రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర వృద్ధ దస్తావేజు లేఖరి ఎవరైనా ఉంటే ఆయనతో ఒక పేజీ చదివించుకోండి. మీకు తెలిసిన ఊరి పేర్లు, అంకెలు ఎలా రాశాడో చూసుకుంటే రెండో పేజీ నుంచి మీరే చదువుతారు.

దస్తావేజు చదవడం

సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో 1983 తర్వాతి లావాదేవీలకు ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) కంప్యూటర్లో వస్తుంది. అంతకుముందువి చేతి రాత ఇండెక్సులు, రెండు రకాలు: పేర్లది, ఆస్తులది. అందరూ పేర్లదే అడుగుతారు. మీరు ఆస్తులది అడగండి, ఊరు, సర్వే నంబరు ఇచ్చి. స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకాన్ని ఎవరైనా ఫీజు కట్టి చూడొచ్చు. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి, రాసినవారు చనిపోయాక ఎవరడిగినా నకలు ఇస్తారు. మీ ఊరి ఆఫీసు కొత్తదైతే పాత పుస్తకాలు ఏ ఆఫీసులో ఉన్నాయో ముందు కనుక్కుని బయల్దేరండి.

దస్తావేజు చేతికొచ్చాక మొదట చివరి పేజీ చూడండి. పైనంతా లేఖరి రాత. కింద సంతకం మీ ముత్తాతది. నా చేతిలో ఉన్నదాంట్లో పైన మూడుసార్లు చింతలూరు అని నల్లసిరాతో గుండ్రంగా ఉంది. కింద, పెన్ను పట్టడం పెద్దగా అలవాటు లేని చెయ్యి, ఒక్కో అక్షరాన్నీ విడివిడిగా, రి కి గుడి కొంచెం పక్కకు జరిపి, చింతలూరి అని పెట్టింది. ఆయన తన పేరు తాను ఎలా రాసుకున్నాడో నాకు అక్కడే తెలిసింది. సంతకం రానివాళ్ళయితే నిశానీ అని ఉంటుంది, అప్పుడు ఇంటిపేరు పూర్తిగా లేఖరి చెవి మీద ఆధారపడినట్టే. సాక్షుల పేర్లూ దించుకోండి, వాళ్ళు చాలాసార్లు బావమరుదులో, వియ్యంకులో అయి ఉంటారు.

ఆ తర్వాత హద్దులు. తూర్పు ఫలానా వారి భూమి, దక్షిణం బోదె (చిన్న కాలవ), పడమర ఫలానా వారి భూమి, ఉత్తరం పుంత (బండ్ల దారి). ఈ నాలుగు లైన్లు నాకు మిగతా కాగితమంతటి కంటే ఎక్కువ ఉపయోగపడ్డాయి. హద్దుల్లో ఉన్నవాళ్ళు పాతికేళ్ళకు కూడా పెద్దగా మారరు. చింతూరి అని ఉన్న కాగితంలో తూర్పు, పడమర హద్దులవాళ్ళు, చింతలూరు అని ఉన్న దస్తావేజులో ఉన్నవాళ్ళే. దక్షిణాన బోదె కూడా అదే. అప్పుడిక ఏజెన్సీ కథ మూసేశాను.

ఇదే కిటుకు తిరగేసి కూడా వాడొచ్చు. మీ ముత్తాత దస్తావేజు దొరక్కపోతే, ఆయన పొలం పక్కవాళ్ళ దస్తావేజులు చూడండి. వాళ్ళ హద్దుల్లో ఆయన ఉంటాడు, ఏదో ఒక స్పెల్లింగుతో.

కూతురికి పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం దస్తావేజు దొరికితే భద్రంగా దాచండి. ఒకే కాగితంలో ఆడపిల్ల పేరు, పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు మూడూ ఉండే చోటు దాదాపు అదొక్కటే.

ఏ జిల్లా, ఏ ఆఫీసు

ముత్తాత కదలకపోయినా జిల్లా కదిలి ఉంటుంది. 1859లో రాజమండ్రి జిల్లా పోయి గోదావరి జిల్లా వచ్చింది. 1904లో ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాలను కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో తూర్పు, పశ్చిమ గోదావరులు. 2022 ఏప్రిల్‌లో కోనసీమ, కాకినాడ, ఏలూరు వేరే జిల్లాలు. కాబట్టి 1910 నాటి భీమవరం కాగితాన్ని గోదావరి జిల్లా రికార్డుల్లో వెతికితే దొరకదు, అది కృష్ణా కింద ఉంటుంది. జిల్లా స్థాయి పాత రికార్డులు కొన్ని చెన్నై ఎగ్మోరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఎందుకంటే 1953 దాకా మనం మద్రాసులోనే ఉన్నాం. అక్కడ కాకినాడను కొకనాడ అనీ, ఏలూరును ఎల్లోర్ అనీ రాసి ఉంటుంది.

యానాం, చర్చి, రంగం

యానాంలో జరిగిన పెళ్ళిళ్ళు మర్చిపోకండి. బాల్య వివాహాలను ఆపడానికి తెచ్చిన శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాక, పిల్లల పెళ్ళిళ్ళు చేయాలనుకున్న చుట్టుపక్కల వాళ్ళు ఫ్రెంచివాళ్ళ యానాంకు వెళ్ళి చేసుకొచ్చేవారు. దాన్ని కల్యాణపురం అన్నది అందుకే. మీ ఇంట్లో ఆ రోజుల పెళ్ళి ఊరు తేలకపోతే యానాం పేరు ఎత్తి చూడండి. యానాంలో కాపురమే ఉన్నవాళ్ళయితే ఫ్రెంచి రిజిస్టర్లు వెతకాలి. వాటిలో మన ‘చ’ ను టీ సీ హెచ్ అని మొదలుపెడతారు, ఉ కు ఓ యూ. అంటే మా ఇంటిపేరు అక్కడ టీ కింద ఉంటుంది.

క్రైస్తవ కుటుంబాలకు బాప్తిస్మం రిజిస్టరు పెద్ద ఆధారం. 1836 నుంచే నరసాపురం ప్రాంతంలో మిషనరీలు ఉన్నారు. ఏలూరు, రాజమండ్రి, కాకినాడల్లో ఒక్కోచోట ఒక్కో మిషను కాబట్టి మీ ఊరు ఎవరి కిందో ముందు తెలుసుకోండి. బాప్తిస్మంతో పేరు మారుతుంది, పాత పేరు పక్కన రాశారేమో చూడాలి.

“రంగం వెళ్ళాడు, మళ్ళీ రాలేదు” అనే మాట డెల్టాలో చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. రంగం అంటే రంగూన్. బర్మాలో మనవాళ్ళను కోరంగివాళ్ళు అనేవారు, కోరంగి రేవు నుంచి వెళ్ళినందుకు. బర్మా వెళ్ళినవాళ్ళ కాగితాలు దొరకడం కష్టం. నాటాల్, ఫిజీ, మారిషస్‌లకు కూలి ఒప్పందం మీద వెళ్ళినవాళ్ళవి నయం. వాళ్ళ జాబితాల్లో తండ్రి పేరు, కులం, ఊరు, జిల్లా రాశారు. ఇంటిపేరు మాత్రం ఆశించకండి. ఊరి పేరే ఇంగ్లీషులో గుర్తుపట్టలేనంతగా ఉంటుంది, గట్టిగా పైకి చదివితే ఒక్కోసారి తడుతుంది.

ఇద్దరూ ఒకరే అని ఎప్పుడు అనాలి

నేను పెట్టుకున్న కొలత ఇది. ఇంటిపేరు కాక మరో మూడు విషయాలు కలవాలి. తండ్రి పేరు, సర్వే నంబరు, హద్దులు, భార్య పేరు, సంతకం, గోత్రం వీటిలో ఏవైనా మూడు. రెండే కలిస్తే పెన్సిల్‌తో రాసుకుంటాను. ఒక్కటి గట్టిగా విరుద్ధంగా ఉన్నా, అంటే ఒక కాగితం నాటికి చనిపోయినవాడు ఇంకో కాగితంలో సంతకం పెడితే, మిగతావి ఎన్ని కలిసినా ఆపేస్తాను.

కలపడంలో తొందర, విడదీయడంలో బద్ధకం మనకు ఎక్కువ. ఇంటిపేరు అచ్చంగా ఒకటే అయినంత మాత్రాన చుట్టాలు కారు. ఒకే ఊరి నుంచి లేచివచ్చిన నాలుగు కులాలవాళ్ళకూ ఆ ఊరి పేరే ఇంటిపేరై ఉండొచ్చు. నా పుస్తకంలో చింతులూరి శిస్తు రసీదును రెండేళ్ళు మా ముత్తాతదనే అనుకున్నాను. తండ్రి పేరు కలిసింది, ఊరు కలిసింది. పొలం నంబరు తీసి చూస్తే అది కాలవ అవతలి చెక్క, మాకు ఎప్పుడూ లేనిది. రసీదు మా ముత్తాతకు వరసకు పినతండ్రి అయ్యేవాడి కొడుకుది. ఇద్దరి తండ్రులకూ ఒకే తాత పేరు పెట్టారు, మరి.

వారసత్వం పని మీద వెతికేవాళ్ళకు ఒక మాట. ఆఫీసులో స్పెల్లింగు తేడా చెబితే సాధారణంగా నోటరీ దగ్గర ఇద్దరూ ఒకరే అని అఫిడవిట్ తెమ్మంటారు. అది ఇచ్చే ముందు పైన చెప్పిన మూడు ఆధారాల నకళ్ళు దానికి జతచేయండి, ఏ కాగితంలో ఏ రూపం ఉందో పక్కపక్కన ఒక పట్టీలా రాసి. తేడా వచ్చిన ప్రతి రూపమూ అఫిడవిట్‌లో ఉండాలి. ఒక్కటి వదిలేసినా మళ్ళీ టెన్షన్, మళ్ళీ స్టాంపు కాగితం. పాత కాగితాల మీద మాత్రం పెన్ను పెట్టి దిద్దకండి.

నా పుస్తకంలో ఆ శిస్తు రసీదు పేజీని చింపలేదు. మా ముత్తాత పేరు కొట్టేసి, పైన పినతండ్రి కొడుకు అని రాశాను. వాళ్ళ మనవలు ఆత్రేయపురంలో ఉన్నారని మేనత్త చెప్పింది. వచ్చే ఆదివారం రసీదు జిరాక్సు పట్టుకుని వెళ్తున్నాను. వాళ్ళ ఇంటిపేరు ఇప్పుడు ఎలా రాసుకుంటున్నారో చూడాలి.